కురిసి ఉంటే

జరిగినదానిని జరిగినట్లు చెప్పడం భాషకు గల మొదటి ప్రయోజనం. జరగబోయేదానిని ఊహించి చెప్పడం రెండవది. ఈ రెండింటితో పాటు మూడవ ప్రయోజనం ఒకటి ఉంది. జరగడానికి అవకాశం ఉండి కూడా జరగకుండా పోయినదానిని గురించి, అది జరిగి ఉన్నట్లయితే దాని వెంట రాగల ఫలితాన్ని గురించి చెప్పడం. కంటికి కనబడనిదీ, చెవికి వినబడనిదీ, లోకంలో ఎక్కడా లేనిదీ అయిన ఒక సంగతిని ఇలా వాక్యంలో నిలబెట్టడం మనిషి మాటకే చెల్లింది. పాము చెట్టెక్కుతూ ఉంటే పక్షి అరిచి తోటి పక్షులను హెచ్చరించగలదు. కాని, “నిన్ననే అరిచి ఉంటే గూడు నిలిచేది” అని మరునాడు చెప్పుకోలేదు.

ఆంగ్లం నేర్చుకొనే తెలుగు విద్యార్థులు తరచుగా తడబడేది ఈ మూడవ ప్రయోజనం దగ్గరే. మాటలు తెలిసి ఉంటాయి. కాలాల పట్టికలు కంఠస్థమై ఉంటాయి. అయినా “నాకు తెలిసి ఉంటే చెప్పి ఉండేవాణ్ణి” అన్న చిన్న వాక్యాన్ని ఆంగ్లంలో చెప్పవలసి వచ్చినప్పుడు ‘విల్’, ‘వుడ్’, ‘హ్యాడ్’, ‘హ్యావ్’ అనే నాలుగు చిన్న మాటలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. దీనిని తెలివితక్కువతనంగా భావించడం పొరపాటు. షరతును, దాని ఫలితాన్ని చెప్పడంలో తెలుగు వాక్యం నడిచే దారి వేరు, ఆంగ్ల వాక్యం నడిచే దారి వేరు. ఆ రెండు దారులనూ ఒకసారి పక్కపక్కన ఉంచి చూస్తే తడబాటుకు కారణం తెలుస్తుంది.

తెలుగు వ్యాకరణం షరతును తెలిపే క్రియకు ‘చేదర్థకం’ అని పేరు పెట్టింది. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని అర్థం. ఆ అర్థాన్ని ఇచ్చేది గనుక చేదర్థకం. “వర్షం కురిస్తే చెరువు నిండుతుంది” అన్న వాక్యంలో ‘కురిస్తే’ చేదర్థకం. ఇది అసమాపక క్రియ. దీనికి తనదైన కాలం లేదు. అందువల్ల ఎన్నో రకాల సందర్భాలలో అది ఇమిడిపోతుంది. “నీటిని వేడి చేస్తే మరుగుతుంది” అనడంలో ఉన్నది ఎల్లప్పుడూ నిలిచే ప్రకృతి ధర్మం. “రేపు వర్షం కురిస్తే ఆట ఉండదు” అనడంలో ఉన్నది సందేహం. “తెల్లవారితే పండుగ” అనడంలో సందేహానికి తావే లేదు. ఈ చివరి వాక్యాన్ని ఆంగ్లంలో చెప్పేవారు ‘ఇఫ్’ అనే మాట వాడరు. వాడితే తెల్లవారడమే అనుమానమన్న అర్థం వస్తుంది. తెలుగులో ఆ చిక్కు లేదు. ఒక్క ‘తే’ అన్నింటికీ సరిపోతుంది.

అలాగైతే జరిగే అవకాశం ఉన్నదానికీ, ఇక జరగడానికి వీలులేనిదానికీ నడుమ తేడాను తెలుగు ఎలా చూపుతుంది? వాక్యం చివరనున్న సమాపక క్రియలో చూపుతుంది. ఊరికి దూరంగా పని మీద వెళ్లిన ఒక రైతును ఊహించుకోవచ్చు. ఆకాశంలో తన ఊరి దిక్కుగా మబ్బు పట్టి ఉంది. “నిన్న రాత్రి అక్కడ వర్షం కురిసి ఉంటే చెరువు నిండి ఉంటుంది” అని అతడు అనుకొంటాడు. ఇది ఆశ. వాన కురిసిందో లేదో అతనికి ఇంకా తెలియదు. మరునాడు ఊరికి వచ్చి, గట్టు మీద నిలబడి, పగుళ్లు తేరిన చెరువు నేలను చూస్తాడు. అప్పుడు “వర్షం కురిసి ఉంటే చెరువు నిండి ఉండేది” అంటాడు. ఇది నిట్టూర్పు. రెండు వాక్యాలలోనూ షరతు ఒక్కటే, ‘వర్షం కురిసి ఉంటే’. ఆశకూ నిట్టూర్పుకూ మధ్యనున్న దూరమంతా ‘ఉంటుంది’, ‘ఉండేది’ అనే చివరి మాటల్లో ఉంది. తెలుగు వినేవారు ఆ చివరి మాట చెవిన పడేదాకా ఓపిక పట్టాలి.

ఆంగ్లం అంతసేపు ఆగదు. షరతు చెప్పే మొదటి సగంలోనే తన అభిప్రాయాన్ని తెలియజేస్తుంది. “ఇఫ్ ఇట్ రెయిన్స్, ద ట్యాంక్ విల్ ఫిల్” అంటే వర్షం రావచ్చు, రాకపోవచ్చు. వస్తే చెరువు నిండుతుంది. “ఇఫ్ ఇట్ రెయిన్డ్, ద ట్యాంక్ వుడ్ ఫిల్” అంటే వర్షం వచ్చే సూచన పెద్దగా లేదు. వచ్చిందే అనుకొంటే చెరువు నిండుతుంది. “ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్, ద ట్యాంక్ వుడ్ హ్యావ్ ఫిల్డ్” అంటే వర్షం రాలేదు, చెరువు నిండలేదు. ఆంగ్ల వ్యాకరణ పుస్తకాలు వీటిని వరుసగా మొదటి, రెండవ, మూడవ రకపు షరతులని పిలుస్తాయి. నీటిని వేడి చేస్తే మరుగుతుందన్న వంటి నిత్యసత్యాన్ని సున్న రకమని అంటాయి.

ఈ మూడింటిలో ఒక క్రమం ఉంది. వాస్తవం నుండి దూరం జరిగేకొద్దీ క్రియ ఒక్కొక్క మెట్టు వెనుకటి కాలంలోకి దిగుతుంది. రెండవ వాక్యంలో ‘రెయిన్డ్’ అనేది రూపాన్ని బట్టి భూతకాలం. కాని ఆ వాక్యం నిన్నటిని గురించినది కాదు, రేపటిని గురించినదే. భూతకాల రూపం ఇక్కడ కాలపు దూరాన్ని విడిచి, నిజానికీ ఊహకూ మధ్యనున్న దూరాన్ని సూచిస్తున్నది. నిన్న జరిగి ఉండవలసినదానిని గురించి ఊహించవలసి వచ్చినప్పుడు భూతకాలం అప్పటికే నిజం చెప్పే పనిలో ఉంటుంది గనుక, ఇంకొక మెట్టు దిగి ‘హ్యాడ్ రెయిన్డ్’ అనవలసి వస్తుంది. “ఇఫ్ ఐ వర్ యూ” అనే వాక్యంలో ఏకవచనానికి ‘వాజ్’ రాకుండా ‘వర్’ రావడం చాలామందికి వింతగా తోస్తుంది. అది ఊహను చెప్పడానికి పాత ఆంగ్లంలో విడిగా ఉండిన క్రియారూపానికి మిగిలిన ఆనవాలు. తక్కిన క్రియలలో ఆ రూపం మామూలు భూతకాలంతో కలిసిపోయింది. ఈ ఒక్క క్రియలో మాత్రం గుర్తుగా నిలిచింది.

రెండవ రకానికి సరిగ్గా సరిపడే క్రియారూపం తెలుగులో విడిగా లేదు. అందుకు బదులు తెలుగు ఇతర సాధనాలను వాడుకొంటుంది. “వర్షమే గనుక కురిస్తే”, “ఒకవేళ కురిసేటట్లయితే” అనడంలో ‘గనుక’, ‘ఒకవేళ’ అన్నవి సందేహపు బరువును మోస్తాయి. క్రియ మోయని బరువును పక్కనున్న మాటలు మోస్తాయన్నమాట.

ఇప్పుడు విద్యార్థుల తడబాటుకు కారణం స్పష్టమవుతుంది. “రేపు వర్షం కురిస్తే” అన్నది భవిష్యత్తును గురించినదని వారికి తెలుసు. అందువల్ల ‘ఇఫ్’ తరువాత కూడా ‘విల్’ చేరుస్తారు. అటువంటి వాక్యంలో ఆంగ్లం ఆ ‘విల్’ను అంగీకరించదు, షరతులో వర్తమాన రూపమే ఉంటుంది, భవిష్యత్తు బాధ్యత ఫలితం చెప్పే భాగానిది. ఇక మామూలు సంభాషణలో తెలుగువారు “నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి” అంటారు. తెలియలేదన్న సంగతిని ‘చెప్పేవాణ్ణి’ అన్న ఒక్క మాటే తెలియజేస్తుంది. ‘తెలిస్తే’ ఏ గుర్తూ లేకుండా ఉండిపోతుంది. ఆంగ్లంలో గుర్తు రెండు చోట్లా ఉండాలి, పైగా రెండు చోట్లా వేరువేరుగా ఉండాలి. షరతులో ‘హ్యాడ్ నోన్’, ఫలితంలో ‘వుడ్ హ్యావ్ టోల్డ్’. ఈ ‘వుడ్ హ్యావ్’ను షరతులో కూడా చేర్చడం ఆంగ్లం మాతృభాషగా గలవారి సంభాషణలో సైతం వినబడుతూ ఉంటుంది. అయినా శ్రద్ధగా రాసే రచనలో దానిని దోషంగానే ఎంచుతారు.

తేడాలు ఇన్ని ఉన్నా, ఈ రెండు భాషలూ లోలోపల ఒకే ఉపాయాన్ని ఆశ్రయించడం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ ఉపాయాన్ని అన్నింటికంటె స్పష్టంగా చూపేది సంస్కృతం. పాణినీయంలో ‘లృఙ్’ అనే లకారం ఒకటి ఉంది. క్రియ నెరవేరకపోవడాన్ని, అంటే ‘క్రియాతిపత్తి’ని చెప్పడానికి అది ప్రత్యేకించినది. మంచి వాన కురిసి ఉంటే దేశం సుభిక్షంగా ఉండేదన్న భావం దానికి సంప్రదాయంగా చెప్పే ఉదాహరణ. దాని నిర్మాణాన్ని గమనించాలి. ‘అభవత్’ అంటే అయ్యెను. ముందున్న అకారం గడిచిన కాలానికి గుర్తు. ‘భవిష్యతి’ అంటే కాగలదు; నడుమనున్న ‘ష్య’ రాబోయే కాలానికి గుర్తు. ఈ రెండు గుర్తులనూ ఒకే క్రియకు తొడిగితే ‘అభవిష్యత్’ అవుతుంది, అంటే అయి ఉండేది. గడిచిన కాలమూ రాబోయే కాలమూ ఒకే మాటలో కూడుకొన్నాయి.

ఆంగ్లంలోని ‘వుడ్’ను విప్పి చూసినా ఇదే కనబడుతుంది. అది ‘విల్’ అనే భవిష్యత్తు తెలిపే మాటకు భూతకాల రూపం. తెలుగులో ‘ఉండేది’ అన్న మాటలోని ‘ఉండే’ కూడా “రేపు ఉండే సభ” అన్నప్పుడు రాబోయేదానిని సూచించగలదు. ‘ఉండేది’ అన్నప్పుడు గడిచినదానిలోకి చేరుతుంది. “తాతగారు రోజూ సాయంత్రం చెరువుగట్టుకు వెళ్లేవారు” అని గడిచిపోయిన అలవాటును చెప్పినా, “కబురు అంది ఉంటే తాతగారు వెళ్లేవారు” అని జరగనిదానిని చెప్పినా క్రియారూపం ఒక్కటే. ఆంగ్లంలోనూ ఈ రెండు పనులకూ ‘వుడ్’ పనికివస్తుంది. జరగనిదానిని చూడాలంటే మనసు ముందు వెనక్కు నడిచి, దారి చీలిన చోట నిలబడి, ఆనాడు ఎదుట ఉండిన రెండవ దారి వైపు తల ఎత్తి చూడాలి. గతంలో నిలబడి చూసిన భవిష్యత్తు అది. దానిని ఈ మూడు భాషలూ తమ తమ క్రియలలో భద్రపరచుకొన్నాయి.

ఇది వ్యాకరణ వినోదం మాత్రమేనని అనుకోరాదు. ఒక చిన్న క్రియాపదం మీద మనుషుల బ్రతుకులు ఆధారపడే సందర్భాలు ఉంటాయి. ఒక పడవ మునిగింది. అందులోని ఒక వ్యక్తి జాడ తెలియలేదు. “హి మే హ్యావ్ సర్వైవ్డ్” అని పత్రికలో వస్తే అతడు ప్రాణాలతో బయటపడి ఉండవచ్చు, ఇంకా తెలియదు అని అర్థం. ఇంటివారు తలుపు తెరిచి ఉంచుకోవచ్చు. “ఈత వచ్చి ఉంటే” అనే షరతు చేర్చి “హి మైట్ హ్యావ్ సర్వైవ్డ్” అని వస్తే అతడు ఇక లేడని అర్థం. శ్రద్ధగా రాసేవారు నేటికీ పాటించే తేడా ఇది. తెలుగులో ‘బతికి ఉండవచ్చు’ అన్న మాటకు, ‘బతికి ఉండేవాడేమో’ అన్న మాటకు ఉన్న అంతరమే ఇక్కడా ఉంది.

న్యాయస్థానాలలో ఈ వాక్యానికి మరింత గురుతరమైన బాధ్యత ఉంది. 1960ల దశకంలో లండన్ నగరంలో ముగ్గురు రాత్రి కాపలాదారులు తెల్లవారుజామున తేనీరు తాగి వాంతులతో బాధపడుతూ ఒక ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి నర్సు వైద్యునికి ఫోను చేసింది. ఆయన వారిని పరీక్షించకుండానే, ఇంటికి వెళ్లి తమ తమ వైద్యులను పిలిపించుకోవలసిందని చెప్పించాడు. కొన్ని గంటలలోనే ఆ ముగ్గురిలో ఒకరు మరణించారు. తేనీటిలో ఆర్సెనిక్ విషం ఉన్నట్లు తరువాత తేలింది. మృతుని భార్య న్యాయస్థానానికి వెళ్లింది. రోగిని చూడకుండా పంపివేయడం వైద్యుని కర్తవ్యలోపమేనని న్యాయమూర్తి నిర్ధారించాడు. అంతటితో తీర్పు ముగియలేదు. వైద్యుడు చూసి ఉంటే ఆ మనిషి బతికి ఉండేవాడా అన్నది అసలు ప్రశ్న అయింది. వెంటనే చేర్చుకొని ఉన్నా, విషమని కనుగొని విరుగుడు ఇచ్చే లోపలే అతడు మరణించి ఉండేవాడని సాక్ష్యాలను బట్టి తేలింది. అందువల్ల మరణానికి ఆసుపత్రిని బాధ్యురాలిని చేయడానికి వీలులేదని తీర్పు వచ్చింది.

ఆ తీర్పు న్యాయశాస్త్ర విద్యార్థులకు నేటికీ పాఠంగా ఉంది. “అది లేకుంటే ఇది జరిగేదా?” అని అడిగే ఈ పద్ధతిని ఆంగ్ల న్యాయవాదులు ‘బట్ ఫర్’ పరీక్ష అంటారు. ఆ కుటుంబానికి దక్కిన న్యాయం సరిపోయిందా అన్న ప్రశ్న చదివినవారిని వెంటాడక మానదు. ఒక సంగతి మాత్రం స్పష్టం. జరగనిదానిని గురించిన వాక్యం గనుక ఏమైనా అనవచ్చునని అనుకోవడానికి వీలులేదు. దానికి కూడా సాక్ష్యం కావాలి. దానికి కూడా సత్యాసత్యాలు ఉంటాయి. దుఃఖంలో ఉన్నవారు “అలా చేసి ఉంటే బతికేవాడు” అని పదే పదే అనుకొని తమను తాము నిందించుకొంటారు. ఆ వాక్యం ఒక్కొక్కసారి నిజం కాదు. అది నిజం కాదని తెలియడం వారికి ఊరట కూడా కాగలదు.

ఆ వాక్యం నిజమైన సందర్భాలలో అది పనిని కోరుతుంది. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. గట్టి కట్టడాలు దగ్గరలో ఉండి ఉంటే, ప్రజలు వేళకు వాటిలోకి చేరి ఉంటే, ఎందరో బతికి ఉండేవారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు ఆ మాట అనుకొని ఊరుకొంటే దానివల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. తరువాతి కాలంలో తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు లేచాయి. హెచ్చరికల విధానం మెరుగుపడింది. ఉపగ్రహాలు, రాడార్లు తుఫాను నడకను ముందుగా చూపసాగాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు ఆస్తినష్టం అపారంగా జరిగింది. ముందే లక్షలాది మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించడంతో ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. “వెళ్లి ఉంటే బతికి ఉండేవారు” అన్న మూడవ రకపు వాక్యం “వెళితే బతుకుతారు” అన్న మొదటి రకపు వాక్యంగా మారడానికి అన్ని సంవత్సరాలు పట్టింది. ఆ మార్పు వ్యాకరణంలో ఒక్క అడుగు. లోకంలో దాని వెనుక ఇటుకలు, సిమెంటు, యంత్రాలు, వేలాది ఉద్యోగుల శ్రమ ఉన్నాయి.

కాబట్టి ఈ క్రియారూపాలను పరీక్షలో మార్కుల కోసం మాత్రమే నేర్చుకొనే విద్యార్థి వాటిలో సగమే నేర్చుకొన్నట్లు. ఏ మాట ఆశను చెబుతున్నదో, ఏ మాట ఇక తిరిగిరానిదానిని చెబుతున్నదో గుర్తించడం మొదటి మెట్టు. తిరిగిరానిదానిని గురించి తాను చెబుతున్నది నిజమేనా అని ప్రశ్నించుకోవడం రెండవ మెట్టు. ఫలితాలు వెలువడిన రోజున కళాశాల వరండాలో వినబడే మాటలు దీనికి మంచి అభ్యాసం. “ఆ అధ్యాయం మరొక్కసారి చదివి ఉంటే ఆ లెక్క చేసి ఉండేవాణ్ణి” అని ఒకరు అంటారు. “అదృష్టం ఉండి ఉంటే మంచి ర్యాంకు వచ్చి ఉండేది” అని వేరొకరు అంటారు. వ్యాకరణం దృష్టిలో రెండూ నిర్దుష్టమైన వాక్యాలే. వాటిని మొదటి రకంలోకి మార్చి చూస్తే తేడా బయటపడుతుంది. “ఆ అధ్యాయం మరొక్కసారి చదివితే ఆ లెక్క చేయగలను” అన్నది ఒకటి. ఆ మాట అన్న విద్యార్థి ఆ సాయంత్రమే పుస్తకం తెరవవచ్చు. “అదృష్టం ఉంటే మంచి ర్యాంకు వస్తుంది” అన్నది రెండవది. అందులో ఎంత వెదకినా ఆ సాయంత్రం చేయవలసిన పని ఏదీ కనబడదు.